చింతలగెడ్డలో లచ్చింవారం

శ్రీకాకుళం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "ప్రాణాలతో ఎలా వచ్చావమ్మా?" అని. రెండోది, "అయినా అక్కడ నీకేం పని?" అని. మొదటిదానికి సమాధానం సులువే. కొంత రైల్లో, కొంత బస్సులో, చివర ఆరు మైళ్ళు ఎడ్లబండిలో తిరిగాను, ఎవరూ నన్నేమీ అనలేదు. రెండోది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. రెండేళ్ళ కిందట మా హాస్టల్లో ఒక గదికి నిప్పంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గాని, మూడు నెలలపాటు పిల్లలెవరూ ఆ వరసలో ఏ గదిలోనూ పడుకోలేదు. ఆ సంగతి మీద ఒక మాసపత్రికకు నాలుగు పేజీల వ్యాసం రాశాను. దాన్ని ఎవరు చదివారో గాని, కార్తీకమాసంలో విజయనగరం నుంచి ఉత్తరం వచ్చింది. "భయోత్పాత చర్యలు: అవగాహన, నివారణ" అనే విషయం మీద నిపుణుల చర్చ జరుగుతుందట. భయం గురించి తెలిసినదాన్ని కాబట్టి నేనూ రావాలట.

మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి అప్పటికి నాలుగైదు నెలలే అయింది. పేపర్లో ఆ కబుర్ల పక్కనే శ్రీకాకుళం కొండల్లో హత్యలు, కాల్పులు, అరెస్టులు అని రోజూ వార్త ఉండేది. ఇంట్లో అందరూ వద్దన్నారు. మా ఆయన ఒక్కరే, "వాళ్ళు నిన్ను నిపుణురాలన్నారు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. వెళ్ళిరా" అన్నారు.

విజయనగరం

మెయిలు దిగేసరికి తెల్లవారింది. జట్కా గంటస్తంభం దాటి ఒక సందులోకి తిరిగితే, ఏదో ఇంట్లోంచి వయొలిన్ సాధన వినిపించింది. ఇంకో సందులో వీణ. మా ఊళ్ళో ఆ వేళకి వినిపించేది మిరపకాయల లారీల హారన్లు. హోటల్లో ఇడ్లీ తెచ్చి అల్లం చట్నీ వేశాడు. కారప్పొడి, నెయ్యి లేవా అని అడిగితే సర్వరు నవ్వి, "మీది గుంటూరు వైపేటమ్మా? కారం అడిగినారంటే ఆ దేశపోలే" అన్నాడు. ప్లేటు ఇరవై పైసలు, మావైపు కంటే ఐదు పైసలు తక్కువ.

చర్చ ఒక పాత మేడలో జరిగింది. ఇరవైమంది దాకా ఉన్నారు. ఆడదాన్ని నేనొక్కతెనే. ముగ్గురి గురించి చెప్పాలి. చరిత్ర చెప్పే ఆచార్య శంకరం గారు గంటన్నర మాట్లాడారు. ఐరోపాలో బాంబులు వేసిన వాళ్ళతో మొదలుపెట్టి, రాజుల కాలం నుంచీ ఉన్నదంతా చెప్పారు. మధ్యలో ఒక్క మాట నేను రాసుకున్నాను: "చంపేది ఒకణ్ణి, నోరు నొక్కేది వెయ్యిమందిని." రెండోవారు సదాశివరావు గారు, పోలీసు శాఖలో డీఎస్పీగా పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల మీసం, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ చేతిలో చిన్న నోట్‌బుక్కు. "నివారణ అంటే సమాచారం. కొండల్లో మాకు ఎవరూ నోరు విప్పరు. అదీ జబ్బు" అని ఐదు నిమిషాల్లో ముగించారు. మూడోవారు ఆ కొండప్రాంతాన్ని చూసే సబ్‌కలెక్టరు. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు, కళ్ళకింద చారలు.

నా వంతు వచ్చింది. హాస్టలు సంగతి చెప్పాను. పిల్లలు నిప్పుకు భయపడలేదని, పెద్దలు ఏదో దాచిపెడుతున్నారని భయపడ్డారని, కాలిన వైరు తెచ్చి చేతికిచ్చి చూపించాక గదుల్లోకి వెళ్ళారని చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. అప్పుడు సదాశివరావు గారు, "అమ్మా, మీరు ఏజెన్సీ చూశారా?" అని అడిగారు.

"లేదండీ."

"మరి హాస్టలు పిల్లల భయం, ఆ కొండల్లోని సవరవాళ్ళ భయం ఒకటేనని ఎలా చెబుతున్నారు?"

ఎగతాళిగా అడగలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. నా కాగితాలు మడిచి కూర్చున్నాను.

చివర సబ్‌కలెక్టరు లేచారు. "నాకు పెద్ద సిద్ధాంతాలు తెలియవు. నాదొక చిన్న ప్రశ్న" అన్నారు. కొండ అంచున చింతలగెడ్డ అనే ఊళ్ళో ప్రతి గురువారం సంత జరిగేదట. ఐదు నెలల కిందట ఆ సంతలో ఒక వ్యాపారిని పట్టపగలు చంపారు. వెంటనే పోలీసులు వచ్చి సంతకు వచ్చినవాళ్ళను పట్టుకెళ్ళారు. ఆ తర్వాత సంత కూడవద్దని బెదిరిస్తూ కాగితాలు అంటించారు. అప్పటినుంచి సంత లేదు. కొండమీది ఇరవై ఊళ్ళకు ఉప్పు, కిరోసిన్ దొరకడం లేదు. "మళ్ళీ తెరవమంటారా? తెరిస్తే ఎలా? సోమవారం శ్రీకాకుళంలో చివరి సమావేశం. అప్పటికి మీరంతా నాకు ఒక సమాధానం చెప్పాలి."

శని, ఆదివారాలు నిపుణులంతా రెండు జీపుల్లో కొండ అంచు ఊళ్ళు చూసొస్తారన్నారు. జీపులో ఆడవాళ్ళకు వీలుకాదని నన్ను నేరుగా శ్రీకాకుళం వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు.

గరివిడి స్టేషన్లో ఒక చెప్పు

శనివారం పొద్దున పాసింజరెక్కాను. ఆడవాళ్ళ పెట్టెలో ఖాళీ గంపలతో ఒకావిడ నేలమీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని! నేను నోరు తెరిచి చూస్తుంటే, ఆవిడ చుట్ట తీసి, "అడ్డపొగ అంటారమ్మా. మీకాడ నేదేటి?" అంది. మావైపు ఆడవాళ్ళు మహా అయితే పొగాకు నముల్తారు. నాలిక కాలదా అని అడిగాను. "కాల్తే మాటాడతానేటి?" అని నవ్వింది.

గరివిడిలో బండి చాలాసేపు ఆగింది. ఫ్యాక్టరీ గొట్టాల పొగ, పట్టాల పక్కన నల్లటి ఖనిజం కుప్పలు. పదిహేను పైసల టీకోసం దిగాను. గ్లాసు నోటిదాకా వచ్చేసరికి బండి కదిలింది. పరుగెత్తాను. అందరూ అరుస్తున్నారు గాని, ద్వారం దగ్గర చెయ్యి చాచింది ఆవిడ ఒక్కతే. "సెయ్యియ్యమ్మా! గ్లాసు ఒగ్గీ, సెయ్యియ్యి!" అంటూ నన్ను ఒక్క గుంజు గుంజి లోపల పడేసింది. నా ఎడమకాలి చెప్పు గరివిడిలోనే ఉండిపోయింది. తెల్లచీర నల్లబడింది. ఆ రోజంతా నా చేతికి ఎండుచేపల వాసన.

అలా పరిచయమైంది పైడమ్మ. ఊరు కళింగపట్నం. మొగుడు పడవమీద వెళ్తాడు, ఈవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఇరవయ్యేళ్ళుగా ఒకే సంతకు వెళ్ళేదట. ఐదు నెలలుగా అది లేక, గంపలు మోసుకుని విజయనగరం వీధులు తిరుగుతోందట.

"ఏ సంత?" అన్నాను.

"సింతలగెడ్డ. లచ్చింవారం సంత." ఇటువైపు గురువారాన్ని లచ్చింవారం అంటారు. "మీకు తెలుసేటి?"

నిన్న చర్చలో ఆ పేరు విన్నానని చెప్పాను. భయం గురించి మాట్లాడుకోవడానికి ఇరవైమంది పెద్దవాళ్ళు కూర్చున్నారని చెప్పాను. పైడమ్మ చుట్ట ఆర్పి చెవిమీద పెట్టుకుంది.

"ఆ ఇరవైమందిలో సింతలగెడ్డ సూసినోలు ఎందరు?"

"ఒక్కరే. సబ్‌కలెక్టరు గారు."

"ఓలమ్మో! మరి ఏటి మాటాడినారు రోజల్లా?"

నిన్న డీఎస్పీ గారు అడిగిన ప్రశ్నే ఇది. రెండుసార్లు ఒకే దెబ్బ తగిలాక నాకు పౌరుషం వచ్చింది. "నన్ను మీ ఊరు తీసుకెళ్తావా పైడమ్మా?" అన్నాను. ఆవిడ నా ఒంటిచెప్పు కాలు చూసి, "ముందు సెప్పులు కొనుక్కో పంతులమ్మా" అంది. శ్రీకాకుళం బజారులో నాలుగు రూపాయలకు కొనుక్కున్నాను. పైడమ్మ బేరమాడకపోతే ఆరయ్యేది.

కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక ఎంత దూరమో. ఆ ఇసుకమీద వెండి రేకులు పరిచినట్టు ఎండుతున్న చేపలు. ఒకప్పుడు పెద్ద ఓడలు ఆగేవట, ఇప్పుడు తెప్పలు, పడవలు మాత్రమే. మా కృష్ణ చేపల రుచికి అలవాటుపడ్డ నోటికి పైడమ్మ పెట్టిన నెత్తళ్ళ పులుసు మొదటి ముద్దలోనే గుంటూరును మరిపించింది. పక్కన చోడి అంబలి. మేము రాగులంటాం, వీళ్ళు చోళ్ళంటారు. పైడమ్మ మొగుడు నా ఆకులో ఇంకో గరిటెడు పోయిస్తూ, "తినండమ్మా, ఇది అమ్ముడుకాని సరుకే గాని పాడైన సరుకు కాదు" అన్నాడు. వెనకగదిలో చూశాను. కప్పును మోసే నిట్టాడు ఎత్తున ఎండుచేపల మూటలు.

ఆదివారం పొద్దున ఇసుకలో చేపలు తిరగేస్తూ పైడమ్మ చెప్పింది. నేను వింటూ నాకు చేతనైనన్ని తిరగేశాను.

సంత ఉన్న రోజుల్లో కొండవాళ్ళు తవ్వెడు చింతపండు పోసి తవ్వెడు ఉప్పు తీసుకెళ్ళేవారట. ఇప్పుడు సంత లేదు కాబట్టి షావుకారు మనుషులు గుర్రాలమీద ఉప్పు కొండెక్కిస్తున్నారు. మానెడు చింతపండుకు సోలెడు ఉప్పు. మానికంటే నాలుగు సోలలు, అంటే ధర నాలుగింతలు.

"మరి ఆ షావుకార్లకు భయం లేదా? చంపింది వాళ్ళనే కదా?"

"సచ్చినోడు సిన్నోడు పంతులమ్మా. ఆడూ నాలాగ గంప దించుకుని కూకునేవోడే. ఆణ్ణెందుకు సంపినారో నాకు తెల్దు. ఆడు మంచోడా సెడ్డోడా అని కాదు, ఆడి పెళ్ళాం ఏడిస్తే నానూ ఏడిసినాను. పెద్ద షావుకారు ఊర్లోనే నేడు, పట్నంలో ఉంటాడు. ఆడి గుర్రాలు మాత్రం సక్కగా కొండెక్కుతన్నాయి. తుపాకులోలూ ఆపరు, పోలీసోలూ ఆపరు."

"కొండవాళ్ళు కిందికి ఎందుకు దిగరు?"

"దిగితే పోలీసోలు అట్టుకెల్తారని. సుకురు అని ముసిలోడున్నాడు, నాకాడ ఇరవయ్యేల్లనించి కొంటన్నాడు. ఆడి కొడుకునీ, అల్లుణ్ణీ ఆ రోజు అట్టుకెల్లినారు. ఆలేటి సేసినారు? నాకాడ కవళ్ళ సేపలు కొనుక్కుంటన్నారు. నా ఎదరే అట్టుకెల్లినారు. ఇంకా ఒదల్నేదు. ఆలిద్దరూ ఇంటికి రాకండా ఎవులు దిగుతారు?" ఇంకో చేపను తిరగేసింది. "మల్లీ ఆ కాయితాలొకటి. సంతకొస్తే సేతులు నరుకుతామని ఉన్నాదంట."

లోపలికి వెళ్ళి ఇంటికప్పులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసింది. ఆ తర్వాతి వారం సంత చెట్టుకు అంటించి ఉన్నదాన్ని చింపుకొచ్చిందట. ఆవిడకు చదువు రాదు, ఊళ్ళో ఎవరికీ చూపించే ధైర్యం లేదు. నేను చదివాను. సంత కూడినచో ప్రాణములకు హామీ లేదనీ, కొనువారికీ అమ్మువారికీ ఒకటే శిక్ష అనీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. అదంతా బెదిరింపే. కాని కాగితం నెత్తిన, మధ్యలో, చిన్నగా ఇంకో మాట ఉంది. రెండుసార్లు చూసుకున్నాను.

"శ్రీరామ."

దేవుడూ లేడు, దయ్యమూ లేదు అని తుపాకీ పట్టి అడవిలో తిరిగేవాళ్ళు శ్రీరామ చుట్టి బెదిరింపు రాస్తారా? చిన్నప్పటినుంచి కొట్టు పద్దులు రాసే చెయ్యి ఇది. రాసేటప్పుడు ఆలోచించదు, ముందు శ్రీరామ పడిపోతుంది.

నేను పెద్దగా నవ్వేశాను. పైడమ్మ, "ఏటి పంతులమ్మా, ఏటుందందులో?" అని కంగారుపడింది. ఇది షావుకారు కొట్లో రాసిన కాగితమని చెప్పాను. చేతిలో చేపను ఇసుకలో పడేసి కూలబడింది. "నీ ఇల్లు బంగారంగానూ! ఐదు నెల్లు ఆడికి బయపడి కూకున్నానేటి నాను!"

శ్రీకాకుళం

సోమవారం సమావేశానికి పైడమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర శంకరం గారు ఇబ్బందిగా చూసి, "ఇది నిపుణుల చర్చ కదమ్మా" అన్నారు. "ఈవిడ ఇరవయ్యేళ్ళు చింతలగెడ్డ వెళ్ళారండీ. నేనెప్పుడూ వెళ్ళలేదు. ఒకరికే చోటుంటే ఆ కుర్చీ ఈవిడకివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సబ్‌కలెక్టరు లేచి తన పక్కన కుర్చీ వేయించారు. పైడమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

జీపుల్లో వెళ్ళినవాళ్ళకు ఏ ఊళ్ళోనూ మనుషులు కనిపించలేదట. జీపు చప్పుడుకే తలుపులు మూశారట. సదాశివరావు గారు సాయుధ పోలీసు కాపలాతో సంత తెరవాలన్నారు. ఎక్కువమంది సరేనన్నారు.

"పైడమ్మా, నువ్వేమంటావు?" అన్నారు సబ్‌కలెక్టరు.

"తుపాకులుంటే నాను రాను బాబూ. నానే రాకపోతే కొండోలొస్తారేటి?"

సదాశివరావు గారు ముందుకు వంగారు. "చూడమ్మా. పోలీసులు లేకుండా సంత పెట్టాక మళ్ళీ ఎవరినైనా చంపితే బాధ్యత ఎవరిది?"

"ఆ రోజు సంతలో నలుగురు కానిస్టేబుల్లున్నారు బాబూ. మరి ఆ సచ్చినోడి బాద్దిత ఎవులు తీసుకున్నారు?"

నేను లేచి కాగితం సదాశివరావు గారి ముందు పెట్టాను. ఆయన బెదిరింపంతా చదివి, "ఇలాంటివి స్టేషన్లలో బోలెడున్నాయమ్మా" అన్నారు.

"నెత్తిన ఏముందో చూడండి."

చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. కాగితం శంకరం గారికి అందించారు. శంకరం గారు చదివి, "భయోత్పాతం ఎవరు చేస్తున్నారనే అడిగాం. ఎవరికి లాభమని అడగలేదు" అని నెమ్మదిగా అన్నారు. గంటన్నర ఉపన్యాసం చేసిన మనిషి ఆ రోజు మాట్లాడింది ఆ రెండు మాటలే. కాని ఆ గదిలో అసలు చర్చ అక్కడే మొదలైంది.

మూడు గంటలు సాగింది. కొండల్లో నిజంగా తుపాకులున్నాయని, నిజంగా మనుషులను చంపుతున్నారని సదాశివరావు గారు గట్టిగా గుర్తుచేశారు. అదీ నిజమే, ఎవరూ కాదనలేదు. వాళ్ళ భయం ఉంది, పోలీసుల భయం ఉంది, ఆ రెంటి చాటున సరుకు అమ్ముకునేవాడొకడున్నాడు. చివరికి సబ్‌కలెక్టరు తేల్చారు. వచ్చే గురువారమే సంత. పోలీసులు గెడ్డకు, అంటే ఊరి వాగుకు, ఇవతల రెండు మైళ్ళ దూరంలో ఉంటారు. సర్కారు ముద్రవేసిన తవ్వ, మానిక కొలపాత్రలు సంతలో పెట్టిస్తారు. ఉప్పు సర్కారే తెస్తుంది.

"సుకురు కొడుకూ, అల్లుడూ?" అంది పైడమ్మ.

"రేపు వాళ్ళ కాగితాలు చూస్తాను."

"కాయితాలు సూస్తే కొండ దిగరు బాబూ. ఆలిద్దర్నీ సూస్తే దిగుతారు."

సబ్‌కలెక్టరు తలెత్తి ఆవిడవంక చూసి, "సరే" అన్నారు. మంగళవారం సాయంత్రం ఆ ఇద్దరినీ విడుదల చేశారు. వాళ్ళమీద రాసిన నేరమంటూ ఏమీ లేదట. నేను సెలవు పొడిగించమని మా ప్రిన్సిపాలుకు తంతి ఇచ్చాను.

చింతలగెడ్డ

గురువారం మంచులో పాలకొండ దాకా బస్సు. పైడమ్మతో పదకొండుమంది కళింగపట్నం ఆడవాళ్ళు గంపలతో ఎక్కారు. బస్సంతా ఎండుచేపల వాసన. కండక్టరు ముక్కు మూసుకుంటే పైడమ్మ, "పీల్సుకో బాబూ, ఐదు నెల్లనించి నీకీ వాసన నేదు" అంది. పాలకొండ దాటి ఆ రోజుల్లో బస్సు వెళ్ళడం లేదు. ఒక ముసలాయన దిగుతూ, "సెందమామ మీదకెల్లొచ్చినారు గాని, ఈ బస్సు సింతలగెడ్డకెల్లనేదు" అని నవ్వించాడు. ఎడ్లబండి పుచ్చుకున్నాం.

సంత జాగాలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. కిందికి వాలిన చింతకొమ్మలు, వెనక నిలువునా కొండ, దానిమీద సన్నటి కాలిబాట. ఆడవాళ్ళు గడ్డి తొక్కి గంపలు దించారు. సబ్‌కలెక్టరు ఉప్పు బస్తాలతో వచ్చారు. శంకరం గారు వచ్చారు. సదాశివరావు గారు పంచె, కండువాతో వచ్చారు. ఆయన్ను నేను మొదట పోల్చుకోలేదు.

ఎనిమిదైంది. తొమ్మిదైంది. కాలిబాటమీద పిట్ట కూడా లేదు.

అప్పుడు గెడ్డ దాటి ఒక కానిస్టేబులు రైఫిలు భుజాన వేసుకుని వచ్చాడు. పెద్దవాళ్ళున్నారు కదా, కాపలా ఉందామని వచ్చాడట. సదాశివరావు గారు ఎదురెళ్ళి అతని భుజంమీద చెయ్యి వేశారు. "నాయనా, ముప్పయ్యేళ్ళు నేనూ ఆ తుపాకీయే మోశాను. ఇవాళ ఇది పైనుంచి ఒక్కరికి కనిపించినా మా పనంతా పోతుంది. వెనక్కి వెళ్ళు." అతను వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డారు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "మావాణ్ణి చూసి వాళ్ళు రాకపోతే తప్పు నాదే అవుతుందమ్మా" అన్నారు.

పదింటికి పైడమ్మ లేచింది. కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి కొండకేసి తిరిగి కేక వేసింది.

"ఎండుసేపలో... కవళ్ళో... నెత్తళ్ళో! ఒరే సుకురూ! నీ పెళ్ళాం సావిళ్ళడిగింది, తెచ్చినాను రా! ఒసే మంగమ్మా! ఉప్పొచ్చింది, తెల్లటుప్పు! దిగండర్రా, లచ్చింవారం మద్దేన్నమైపోతన్నాది!"

కొండ ఆ కేకను తిరిగి మాకే వినిపించింది. మిగతా పదకొండుమందీ లేచి అరిచారు. ఎవరి ఖాతాదార్ల పేర్లు వాళ్ళు పిలిచారు. కేకలాగి ఎంతసేపైందో చెప్పలేను. బాటమీద ఒక ముసలాయన కనిపించాడు. ఒక్కడే. చేతికర్ర పొడుచుకుంటూ నెమ్మదిగా దిగి, మా ఎవరివంకా చూడకుండా నేరుగా ఉప్పు బస్తా దగ్గరకు వెళ్ళాడు. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. సర్కారు తవ్వ తీసి తిరగేసి అడుగు చూశాడు. తర్వాత పైడమ్మ గంప ముందుకొచ్చాడు.

"కొడుకొచ్చినాడు. అల్లుడొచ్చినాడు" అన్నాడు.

"తెలుసురా సుకురూ."

"పోలీసు నేదా?"

"నేదు."

సుకురు వెనక్కి తిరిగి, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేశాడు. ఆ ముసలి ఒంట్లో అంత ఈల ఎక్కడుందో! పైన చెట్లు కదిలాయి. ముందు ఇద్దరు కుర్రవాళ్ళు, కొడుకూ అల్లుడూ. వాళ్ళ వెనక ఆడవాళ్ళు, తలలమీద చింతపండు బుట్టలు, పసుపుకొమ్ముల మూటలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. ఆ వరస ముందు పదిమంది, తర్వాత యాభైమంది, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను. నా పక్కన సదాశివరావు గారు కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనూ అదే పనిలో ఉన్నాను.

గంటలో ఆ జాగాలో గడ్డి కనిపించలేదు. తవ్వెడు చింతపండుకు తవ్వెడు ఉప్పు. షావుకారు గుమస్తా ఒకడు సంగతి చూసిపోదామని వచ్చి చెట్టుచాటున నిలబడ్డాడు. పైడమ్మ చూపిస్తే సదాశివరావు గారు అతన్ని ఆప్యాయంగా పిలిచి, కాగితం, కలం ఇచ్చి, "సంత తెరిచామని నాలుగు ముక్కలు రాసిపెట్టు నాయనా, నీ దస్తూరీ బాగుంటుందట" అన్నారు. గుమస్తా పొంగిపోయి కూర్చున్నాడు. మొదట "శ్రీరామ" చుట్టాడు. సదాశివరావు గారు జేబులోంచి పాత కాగితం తీసి దాని పక్కన పెట్టారు. గుమస్తా రెండూ చూశాడు, కలం కూడా వదిలేసి బండ్లబాట పట్టాడు. పైడమ్మ వెనకనుంచి, "వచ్చీవారం మీ షావుకారిని కూడా తీసుకురా! తవ్వెడుకి తవ్వెడే!" అని అరిచింది. సంతంతా ఘొల్లున నవ్వింది. నవ్వుతున్న సవర ఆడవాళ్ళ మధ్య నిలబడి నేనూ నవ్వాను. వాళ్ళ భాష నాకు రాదు, నా తెలుగు వాళ్ళకు సగమే తెలుసు.

మధ్యాహ్నం ఒక పెద్ద అరుపు వినిపించి సదాశివరావు గారు గభాలున లేచారు. సుకురూ పైడమ్మా ఒకరిమీద ఒకరు వేలు చూపించుకుంటూ కేకలేసుకుంటున్నారు. "ఏమిటా గొడవ?" అన్నారాయన. నేను వెళ్ళి చూసొచ్చాను. "బేరం అండీ" అన్నాను. ఆయన కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. నేను వీశెడు పసుపుకొమ్ములు కొన్నాను. శంకరం గారు రెండు కొండచీపుర్లు కొని, వాటిని ఎలా పట్టుకోవాలో తెలియక చంకలో పెట్టుకున్నారు.

కొండల్లో గొడవ అంతటితో తీరిందని చెప్పను. నేను తిరిగొచ్చాక కూడా పేపర్లో ఆ వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ ఒక్క రోజు ఆ ఒక్క చోట నేను చూసినది మాత్రం చెప్తున్నాను.

పొద్దువాలుతుండగా గంపలు ఖాళీ అయ్యాయి. పైడమ్మ చేపలకు మారుగా వచ్చిన పసుపుకొమ్ములు విరిచి చూస్తూ బస్తాకెత్తుతోంది. సబ్‌కలెక్టరు మా దగ్గరికొచ్చి, "చర్చకు ముగింపు తీర్మానం ఒకటి పైకి పంపాలి. శంకరం గారూ, ఏం రాద్దాం?" అన్నారు. శంకరం గారు చీపుర్లు పక్కన పెట్టి కలం తీశారు. చాలాసేపు ఆలోచించారు. తర్వాత కలం ఎత్తిపట్టుకుని, "పైడమ్మా, నువ్వు చెప్పు" అన్నారు.

పైడమ్మ బస్తా మూతి కడుతూనే చెప్పింది.

"రాయండి బాబూ. వచ్చీ లచ్చింవారం కూడా సంత ఉన్నాది."

శంకరం గారు అక్షరం మార్చకుండా అదే రాశారు. సబ్‌కలెక్టరు సంతకం చేశారు. సదాశివరావు గారు చేశారు, శంకరం గారు చేశారు, నేను చేశాను. వేలిముద్రకు సిరా పెట్టె ఎక్కడా దొరకలేదు. పైడమ్మ తన బొటనవేలు చూసుకుని, "ఇది సాలదేటి?" అని కాగితంమీద గట్టిగా నొక్కింది. మా నాలుగు నల్లసిరా సంతకాల కింద పచ్చటి పసుపు ముద్ర పడింది.

సబ్‌కలెక్టరు దాన్ని అలాగే పైకి పంపించారు.